సాధనకు ఏ మెట్రోనోమ్ తీసుకోవాలి? ఫోన్ యాప్, డిజిటల్, లోలకం, తాళోమీటర్ల పోలిక

"లయ పరుగెడుతోందమ్మా, ఇంట్లో మెట్రోనోమ్ పెట్టుకుని సాధన చెయ్యి" అని గురువుగారు చెప్పగానే అసలు వెతుకులాట మొదలవుతుంది. మెట్రోనోమ్ అంటే మనం పెట్టిన వేగంలో సమానంగా టిక్కుమంటూ లయ చూపించే పరికరం. ఫోన్‌లో వెతికితే లెక్కలేనన్ని యాప్‌లు కనిపిస్తాయి. ఆన్‌లైన్ షాపుల్లో అరచేతిలో పట్టే డిజిటల్ పెట్టెలు, చెక్కతో చేసిన పిరమిడ్ ఆకారపు లోలకాలు, మణికట్టుకు కట్టుకునేవి ఉంటాయి. వాటి వివరణల్లో ఎక్కువ భాగం పియానో, గిటార్ వాళ్ల కోసం రాసినవే. సరళీ వరసలు, అలంకారాలు, వర్ణాలు సాధన చేసేవాళ్లకు ఏది పనికొస్తుందో వాటిలో దొరకదు. అందుకే ఈ పోలికను ముఖ్యంగా కర్ణాటక సంగీతం నేర్చుకునేవాళ్ల కోసం రాస్తున్నాను. కీబోర్డు, గిటార్ నేర్చుకునే పిల్లల గురించి కూడా దారిలో చెబుతాను.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మొదటి కొన్ని నెలలకు ఫోన్ చాలు. సాధన రోజూ జరుగుతోందని నమ్మకం కుదిరాక, చాలామందికి సరైనది వాల్యూమ్ చక్రం, ఇయర్‌ఫోన్ రంధ్రం ఉన్న చిన్న డిజిటల్ మెట్రోనోమ్. ఎందుకో, ఎవరికి ఇది వర్తించదో కింద చూద్దాం.

## కొనేముందు చూడాల్సినవి

శబ్దం. మన వాద్యాన్నో గొంతునో దాటి టిక్కు వినిపించాలి. వయొలిన్ చెవి పక్కనే మోగుతుంది, మృదంగం గదంతా నింపేస్తుంది. ఫోన్ స్పీకర్ నుంచి వచ్చే పల్చటి టిక్కు వీటి ముందు వినపడకుండా పోతుంది. వినపడనప్పుడు మనకు తెలియకుండానే దాన్ని వదిలేసి మన ధోరణిలో వాయించేస్తాం.

శబ్దంలో ఇంకో విషయం ఉంది, కొనే ముందు దీన్ని దాదాపు ఎవరూ చూడరు. చాలా డిజిటల్ మెట్రోనోమ్‌లు "బీప్" అంటాయి. బీప్ అంటే ఒక స్వరస్థానం. మీ శ్రుతి ఒకటైతే, ఆ బీప్ ఇంకో స్థానంలో మోగుతూ ఉంటుంది. గంటసేపు శ్రుతి పెట్టె పక్కన అలా మోగితే చెవికి చికాకు, చిన్నపిల్లలకైతే శ్రుతి మీద పట్టు కుదరడానికే అడ్డం. అందుకే పొడిగా, చెక్క మీద తట్టినట్టు ఉండే టిక్కు శబ్దం ఉందో లేదో తప్పకుండా చూడండి.

ఎన్ని అక్షరాలకు (తాళంలో ఒక్కో లెక్కను అక్షరం అంటారు) ఒక గట్టి దెబ్బ. ఆవర్తనం, అంటే తాళం ఒక పూర్తి చుట్టు, మొదట్లో దెబ్బ వేరుగా వినిపిస్తే సమం (ఆ చుట్టు మొదలయ్యే చోటు) ఎక్కడుందో తెలుస్తుంది. పాశ్చాత్య సంగీతంలో 2, 3, 4, 6 సరిపోతాయి. మనకు ఖండ చాపుకు 5, మిశ్ర చాపుకు 7, ఆది తాళానికి 8 కావాలి. ఈ ఒక్క కారణంతోనే కొన్ని మెట్రోనోమ్‌లు మన జాబితాలోంచి తప్పుకుంటాయి.

వేగం. నిమిషానికి ఎన్ని దెబ్బలో చెప్పేదే బీపీఎం. 60 అంటే సెకనుకు ఒక దెబ్బ. దెబ్బకు ఒక అక్షరం అనుకుంటే 60లో ఆది తాళం ఒక ఆవర్తనానికి 8 సెకన్లు పడుతుంది. మొదటి కాలంలో అక్షరానికి ఒక స్వరం, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు. అంటే 60 దగ్గరే మూడో కాలం నిమిషానికి 240 స్వరాలు. కొత్తగా నేర్చుకునేవాళ్లు 40, 45 దగ్గర మొదలుపెట్టాల్సి వస్తుంది కాబట్టి, కింది హద్దు 30 దాకా ఉంటే మంచిది. పైన 208 ఉంటే చాలు.

మనసు చెదరకపోవడం. టిక్కు మోగుతుండగా వాట్సాప్ సందేశం వస్తే, ఆ సాధన అక్కడితో తెగిపోయినట్టే.

చేతులు ఖాళీగా ఉన్నాయా లేదా. పాడేవాళ్లు చేత్తో తాళం వేసుకోగలరు. వయొలిన్, వేణువు, వీణ వాయించేవాళ్లు వేయలేరు. మెట్రోనోమ్ నుంచి ఈ ఇద్దరికీ కావలసింది ఒకటి కాదు.

## ఒక్క చూపులో

| | ఫోన్ యాప్ | చిన్న డిజిటల్ | లోలకం | తాళోమీటర్ (కర్ణాటక తాళాల పరికరం) | కీబోర్డులో ఉండేది |
|---|---|---|---|---|---|
| ఖర్చు | ఉచితం లేదా చాలా తక్కువ | తక్కువ | ఎక్కువ | ఎక్కువ | కీబోర్డు ఉంటే ఏమీ లేదు |
| శబ్దం | పల్చన | మోడల్‌ను బట్టి, ఇయర్‌ఫోన్‌తో బాగుంటుంది | సహజమైన చెక్క టిక్కు, పెంచడం తగ్గించడం కుదరదు | గట్టిగా | గట్టిగా |
| 5, 7 అక్షరాలు | చాలా యాప్‌లలో ఉంటాయి | మోడల్ చూసి కొనాలి | ఉండవు | తాళాలే ఉంటాయి | చాలా మోడళ్లలో ఉంటాయి |
| శ్రుతితో కలిపి | ఇబ్బంది రావచ్చు | హాయిగా | హాయిగా | హాయిగా | ఫర్వాలేదు |
| కరెంటు, బ్యాటరీ | ఫోన్ చార్జింగ్ | చిన్న బ్యాటరీ | అక్కర్లేదు | కరెంటు లేదా బ్యాటరీ | కరెంటు |
| ఎవరికి | కొత్తవాళ్లకు, ప్రయాణాల్లో | చాలామందికి | పియానో నేర్చుకునే పిల్లలకు | వాద్యం వాయించేవాళ్లకు | కీబోర్డు ఉన్న ఇంటికి |

## ఫోన్ యాప్

డబ్బు పెట్టే ముందు దీనితోనే మొదలుపెట్టండి. గూగుల్‌లో మెట్రోనోమ్ అని వెతికితే వెతుకులాట పేజీలోనే ఒక చిన్న మెట్రోనోమ్ తెరుచుకుంటుంది, ఏమీ దింపుకోనక్కర్లేదు. కాకపోతే అది ఒకే రకంగా టిక్కుమంటుంది, సమం చూపించదు. సరళీ వరసలకు అది చాలు. యాప్ అయితే అక్షరాల సంఖ్య మార్చుకోవచ్చు, మంచి వాటిలో ఏ దెబ్బ గట్టిగా ఉండాలో ఒక్కొక్కటి ఎంచుకోవచ్చు. ఈ సదుపాయం మనకు చాలా విలువైనది. మిశ్ర చాపుకు 7 పెట్టి 1, 4, 6 దెబ్బలను గట్టిగా చేస్తే "తకిట తకధిమి" నడక అలాగే వినిపిస్తుంది. ఖండ చాపుకు 5 పెట్టి 1, 3 గట్టిగా చేయండి, "తక తకిట" వస్తుంది.

ఇక ఇబ్బందులు. చాలామంది ఇప్పుడు శ్రుతిని కూడా ఫోన్‌లోనే పెట్టుకుంటున్నారు. శ్రుతి యాప్, మెట్రోనోమ్ యాప్ ఒకే ఫోన్‌లో కలిసి మోగాలంటే కొన్నిసార్లు ఒకటి మోగగానే రెండోది ఆగిపోతుంది. మోగినా రెండూ ఒకే చిన్న స్పీకర్‌లోంచి వస్తాయి కాబట్టి, తంబుర నాదంలో టిక్కు కలిసిపోతుంది. ఇంట్లో పాత ఫోన్ ఉంటే దాన్ని మెట్రోనోమ్‌కు కేటాయించడం తేలికైన మార్గం. సిమ్ తీసేసి, వైఫై ఆపేస్తే ప్రకటనలు, సందేశాలు, ఫోన్లు ఏవీ రావు. ఇది ఉచితంగా దొరికే మంచి మెట్రోనోమ్.

తంబుర, తబలా కలిసే ఉండే ఐతబలాప్రో లాంటి యాప్‌లు కూడా ఉన్నాయి. అవి హిందుస్తానీ వాళ్లకు ఎంతో ఉపయోగం. కర్ణాటక సాధన మొదట్లో ఉన్నవాళ్లకు మాత్రం వాటిని సూచించను. తబలా ఠేకా (తాళం నడిపే దెబ్బల వరస) తోడుగా ఉంటే వినడానికి బాగుంటుంది, మన తప్పులు మాత్రం ఆ నాదం కింద దాక్కుంటాయి. పొడి టిక్కు ముందు ఏ తప్పూ దాగదు.

బ్లూటూత్ ఇయర్‌ఫోన్ వాడొచ్చా అని చాలామంది అడుగుతారు. బ్లూటూత్‌లో శబ్దం కాస్త ఆలస్యంగా వస్తుంది, కానీ ప్రతి దెబ్బా అంతే ఆలస్యంగా వస్తుంది. చెవితో విని అనుసరించేవాళ్లకు అది సమస్య కాదు. తెర మీద మెరిసే వెలుగును చూస్తూ వాయిస్తే వెలుగుకూ శబ్దానికీ పొంతన కుదరదు. అదే ఫోన్‌లో రికార్డు చేసుకుంటూ సాధన చేస్తే తర్వాత వినేటప్పుడు అంతా వెనకబడి వాయించినట్టు అనిపిస్తుంది. ఈ రెండు సందర్భాల్లో వైరు ఉన్న ఇయర్‌ఫోన్ వాడండి.

ఫోన్‌లో బ్యాటరీ సేవర్ ఆన్‌లో ఉంటే తెర ఆరిపోగానే కొన్ని యాప్‌లు ఆగిపోతాయి. సాధన మధ్యలో టిక్కు మాయమైతే మొదట చూడాల్సింది ఆ సెట్టింగే.

## చిన్న డిజిటల్ మెట్రోనోమ్

అరచేతిలో పట్టే ప్లాస్టిక్ పెట్టె, చిన్న తెర, నాలుగైదు బటన్లు. చూడటానికి గొప్పగా ఉండదు, పని మాత్రం సరిగ్గా చేస్తుంది. బటన్ నొక్కగానే మోగుతుంది, ఇంకో బటన్ నొక్కగానే ఆగుతుంది, మధ్యలో మన దృష్టిని లాగేది ఏదీ ఉండదు. పిల్లల చేతికి ఫోన్ ఇవ్వడం ఇష్టం లేని తల్లిదండ్రులకు ఈ ఒక్క కారణమే చాలు.

ఈ రకంలో బాగా తెలిసినది కోర్గ్ ఎంఏ-2. వేగం 30 నుంచి 252 దాకా ఒక్కొక్క అంకె చొప్పున మారుతుంది, అక్షరాల సంఖ్య 0 నుంచి 9 దాకా పెట్టుకోవచ్చు. అంటే 5, 7, 8 మూడూ ఉన్నాయి. ఇయర్‌ఫోన్ రంధ్రం ఉంది. వయొలిన్ నేర్చుకునేవాళ్లు అదే కంపెనీ టీఎం-60 వంక చూడొచ్చు, అందులో ట్యూనర్, మెట్రోనోమ్ రెండూ ఒకేసారి పనిచేస్తాయి. తీగలు శ్రుతి చేసుకోవడానికి వేరే పరికరం కొనే పని తప్పుతుంది.

చక్రం తిప్పి వేగం పెట్టే పాత పద్ధతి క్వార్ట్జ్ రకం ఇంకొకటి ఉంది. సీకో ఎస్‌క్యూ50వీ అలాంటిదే. 40 నుంచి 208 మధ్య 39 స్థానాలు ఉంటాయి, చదరపు 9 వోల్టుల బ్యాటరీ వేయాలి. శబ్దం గట్టిది, వాడకం ఎంతో తేలిక. సమానికి వేరే దెబ్బ లేకపోవడం దాని లోటు. చేత్తో తాళం వేసుకుంటూ పాడేవాళ్లకు అది లోటే కాదు, వాద్యం వాళ్లకు లోటే.

పేరు తెలియని చౌక రకాలు కూడా చాలా దొరుకుతాయి. వాటిలో దెబ్బల మధ్య సమయం గురించి పెద్దగా భయపడనక్కర్లేదు. క్వార్ట్జ్ గడియారాల్లో ఉండే పద్ధతే ఇదీ, నిమిషంలో తేడా రాదు. లోపాలు వేరే చోట ఉంటాయి: స్పీకర్ గరగరలాడటం, బటన్లు కొన్నాళ్లకు పట్టేయడం, వాల్యూమ్‌కు చక్రం లేకుండా ఎక్కువ, తక్కువ అని రెండే స్థాయులు ఉండటం. రిటర్న్ చేసే అవకాశం ఉన్న చోట కొని, మొదటి వారంలోనే బాగా వాడి చూడండి.

ఈ రకం మెట్రోనోమ్‌తో మన తాళాలను సర్దుకోవడంలో ఒక మెలకువ ఉంది. ఖండ జాతి అట తాళంలో 5, 5 (రెండు లఘువులు), 2, 2 (రెండు ద్రుతాలు) చొప్పున 14 అక్షరాలు. లఘువు, ద్రుతం లాంటి తాళ భాగాలనే అంగాలు అంటారు. పెట్టెలో 9 దాకానే ఉంది కదా, 7 పెట్టుకుంటే రెండుసార్లకు 14 అవుతుంది అని అనుకోవచ్చు. అప్పుడు రెండో గట్టి దెబ్బ ఎనిమిదో అక్షరం మీద, అంటే రెండో లఘువు మధ్యలో పడుతుంది. చెయ్యి ఒకటి చెబుతుంటే చెవికి ఇంకొకటి వినిపిస్తుంది. ఝంపె తాళంలో 10 అక్షరాలకు 5 పెట్టినా ఇదే గతి, ఎందుకంటే మిశ్ర జాతి ఝంపెలో మొదటి లఘువే 7 అక్షరాలు. ఇలాంటి తాళాలకు అక్షరాల సంఖ్య 0 చేసేయండి. అన్ని దెబ్బలూ ఒకేలా వినిపిస్తాయి, అంగాలను మీ చెయ్యి చూసుకుంటుంది. అలంకారాల్లో ధ్రువ, మఠ్య, ఝంప, అట తాళాలకు ఇదే పద్ధతి. ఆది తాళానికి మాత్రం 8 పెట్టండి. 4 పెడితే లఘువుకు, ద్రుతాల జంటకు రెండు చోట్లా ఒకే గట్టి దెబ్బ వస్తుంది, సమం ఏదో తేలదు.

## లోలకం మెట్రోనోమ్

చెక్క పెట్టె, మధ్యలో అటూ ఇటూ ఊగే ఇనుప కమ్మీ, దాని మీద జరిపే బరువు. బరువు పైకి జరిపితే నెమ్మది, కిందికి జరిపితే వేగం. ఆమ్‌స్టర్‌డామ్‌లో వింకెల్ 1814లో చేసిన ఆలోచనను తీసుకుని మెల్జెల్ 1815లో పేటెంట్ చేయించుకున్న పరికరం ఇది. 1817లో బీథోవెన్ తన సింఫనీలకు మెట్రోనోమ్ అంకెలు ఇచ్చాడు. పాశ్చాత్య స్వరలిపి పుస్తకాల్లో పాట మొదట్లో కనిపించే "♩ = 120" లాంటి గుర్తులు ఆ సంప్రదాయం నుంచి వచ్చినవే. ఇప్పటికీ జర్మనీ కంపెనీ విట్‌నర్, జపాన్ కంపెనీ నిక్కో పేర్లు ఈ రకంలో వినిపిస్తాయి.

కళ్లకు కనిపించడం దీని అసలు బలం. కమ్మీ ఒక వైపు నుంచి ఇంకో వైపు వెళ్లే దారంతా కనిపిస్తుంది కాబట్టి, వచ్చే దెబ్బ ఎప్పుడు పడుతుందో ముందే తెలుస్తుంది. డిజిటల్ మెట్రోనోమ్‌లో దెబ్బ పడ్డాకే తెలుస్తుంది. ఆరేడేళ్ల పిల్లలు పియానో ముందు కూర్చున్నప్పుడు ఈ తేడా బాగా పనిచేస్తుంది. కీ ఇస్తే చాలు, బ్యాటరీ అక్కర్లేదు.

మన సంగీతానికి దీంతో రెండు అడ్డంకులు. గంట ఉన్న మోడళ్లలో గంట 2, 3, 4, 6 దెబ్బలకే మోగుతుంది, 5 గానీ 7 గానీ రావు. చాపు తాళాలకు గంట ఆపేసి వాడుకోవాల్సిందే. రెండోది, వేగం మెట్లు. 60 దాకా రెండేసి, 72 దాకా మూడేసి, 120 దాకా నాలుగేసి, 144 దాకా ఆరేసి, ఆపైన ఎనిమిదేసి చొప్పున పెరుగుతుంది. వర్ణం వేగాన్ని కొంచెం కొంచెంగా పెంచుకునేటప్పుడు ఆరు, ఎనిమిది చొప్పున దూకడం పెద్ద అడుగు.

ఇది ఎప్పుడూ సమతలంగా ఉన్న చోటే ఉండాలి. బల్ల ఏటవాలుగా ఉంటే "టిక్... టాక్. టిక్... టాక్." అని కుంటుతుంది, ఒక వైపు ఎక్కువ సమయం, ఇంకో వైపు తక్కువ. చాప మీద, పరుపు మీద పెట్టడానికి పనికిరాదు. మనం నేల మీద చాప పరుచుకుని సాధన చేసేవాళ్లం. దాని కోసం పక్కన ఒక చిన్న పీట పెట్టుకోవాలి.

సెకండ్ హ్యాండ్‌లో కొంటుంటే కళ్లు మూసుకుని రెండు నిమిషాలు వినండి. కుంటు వినిపిస్తే, కింద కాగితం మడతలు పెట్టి సరిచేసి చూడండి. అయినా పోకపోతే వదిలేయండి. లోపలి స్ప్రింగ్ బాగుచేసేవాళ్లు మన ఊళ్లలో దొరకడం కష్టం.

## తాళోమీటర్

కర్ణాటక తాళాల కోసమే తయారైన పరికరం. బెంగళూరుకు చెందిన రాడెల్ కంపెనీ ఎలక్ట్రానిక్ తంబురలతో పాటు ఈ తాళోమీటర్లను కూడా చేసింది. తాళాన్ని ఎంచుకుంటే దాని అంగాల ప్రకారం దెబ్బలు వినిపిస్తాయి. అట తాళానికి పైన చెప్పిన సర్దుబాటు ఏదీ అక్కర్లేదు.

వయొలిన్, వేణువు వాయించేవాళ్లకు ఇది నిజంగా గొప్ప సాయం. చేతులు వాద్యం మీద ఉంటాయి, పాదంతో వేసే తాళంలో సమం తప్ప అంగాలు తెలియవు. ఆ లోటును ఇది పూరిస్తుంది. వర్ణాల దశ దాటి కృతులు, స్వరకల్పన దాకా వచ్చినవాళ్లయితే ఖర్చుకు తగ్గ ఫలితం ఉంటుంది.

గాత్రం నేర్చుకునే పిల్లలకు మాత్రం దీన్ని కొనవద్దనే చెబుతాను. లఘువు, ద్రుతం లెక్కలన్నీ పెట్టె చూసుకుంటుంటే చెయ్యి వాటిని నేర్చుకోదు. తాళం చేతికి అలవాటయ్యే వయసులో ఆ పని పరికరానికి అప్పగిస్తే, కచేరీలో మృదంగం పక్కన కూర్చున్న రోజున పిల్లలు తడబడతారు. ఒకేలా వినిపించే పొడి టిక్కు ఇచ్చి, అంగాలు వాళ్లతోనే వేయించాలి.

## కీబోర్డులో ఉన్నది, చేతికి కట్టుకునేది

ఇంట్లో కాసియో, యమహా కీబోర్డు ఉంటే అందులో మెట్రోనోమ్ బటన్ ఉందేమో చూడండి, దాదాపు అన్నింటిలో ఉంటుంది. కీబోర్డు వాయించేవాళ్లు ఇంకేదీ కొననక్కర్లేదు. శబ్దం గట్టిగా ఉంటుంది, హెడ్‌ఫోన్ పెట్టుకుంటే పక్క గదికి వినపడదు. ట్రినిటీ లాంటి గ్రేడ్ పరీక్షలకు తయారయ్యే పిల్లలు పాట మొదట్లో ఇచ్చిన వేగం అంకెను అందులోనే పెట్టుకుని సాధన చేయొచ్చు. ఇంట్లో ఒకరు కీబోర్డు, ఇంకొకరు గాత్రం నేర్చుకుంటుంటే ఆ ఒక్క కీబోర్డే ఇద్దరికీ సరిపోతుంది.

సౌండ్‌బ్రెన్నర్ పల్స్ లాంటివి మణికట్టుకో కాలికో కట్టుకుంటే, శబ్దం లేకుండా అదురుతూ దెబ్బను తెలియజేస్తాయి. డ్రమ్స్, బేస్ గిటార్ వాళ్లకు నచ్చుతాయి. వయొలిన్‌కు విల్లు పట్టిన చేతి మీద అదురు ఇబ్బంది పెడుతుంది కాబట్టి, కాలికి కట్టుకోవాలి. సాదా మెట్రోనోమ్ చాలనుకునేవాళ్లు దీని మీద డబ్బు పెట్టనక్కర్లేదు.

## మీరు ఎవరు అన్నదాన్ని బట్టి

గాత్రం, మొదటి రెండేళ్లు. పాత ఫోన్‌లో ఒక యాప్, లేదా చౌకైన డిజిటల్ పెట్టె. టిక్కు వింటూ చెయ్యి తాళం వేయాలి. చెయ్యి ఆపేసి టిక్కుకు పాడనివ్వకండి. శ్రుతి మాత్రం వేరే పరికరంలోంచి రావాలి.

వీణ. వీణకు తాళం వేసుకునే సాధనం వీణలోనే ఉంది. పక్కనున్న మూడు తాళపు తీగలను చిటికెన వేలితో మీటుతూ తాళం నడుపుకుంటారు. మెట్రోనోమ్ పని ఆ చిటికెన వేలు నిలకడగా ఉందో లేదో చూసుకోవడమే. సమం చూపించని సాదా టిక్కు కూడా చాలు. వీణ నాదం మెత్తనిది కాబట్టి తక్కువ వాల్యూమ్ పెట్టుకోగలిగేది ఎంచుకోండి. లోలకం టిక్కు తగ్గించలేం, చిన్న గదిలో అది వీణను మింగేస్తుంది.

వయొలిన్, వేణువు. 5, 7, 8 ఉన్న డిజిటల్ మెట్రోనోమ్. కృతుల దాకా వచ్చాక తాళోమీటర్. వయొలిన్ వాళ్లు టిక్కును ఎడమ చెవికి దూరంగా, కుడి వైపు పెట్టుకుంటే బాగా వినిపిస్తుంది. ఎడమ చెవి నిండా వాద్యమే ఉంటుంది.

మృదంగం. ఇయర్‌ఫోన్ రంధ్రం లేకపోతే కొనవద్దు. స్పీకర్ ఎంత గట్టిదైనా వలంతల (మృదంగం కుడి వైపు) దెబ్బల మధ్య టిక్కు వినపడదు. వినపడేలా పెంచితే చెవులకు మంచిది కాదు. ఒక చెవికి మాత్రమే ఇయర్‌ఫోన్ పెట్టి, రెండో చెవితో వాద్యాన్ని వినండి. గతి భేదం (ఒక్కో దెబ్బను వేర్వేరు సంఖ్యల్లో భాగాలు చేయడం) సాధన చేసే స్థాయిలో ఉన్నవాళ్లు ఒక విషయం చూడాలి: సాదా డిజిటల్ మోడళ్లలో ఒక్కో దెబ్బను రెండు, మూడు, నాలుగు భాగాలు చేసే సదుపాయం ఉంటుంది, ఖండ గతికి కావలసిన ఐదు భాగాలు చాలావాటిలో ఉండవు. అక్కడ యాప్‌లే ముందున్నాయి.

విదేశాల్లో ఉండి ఆన్‌లైన్‌లో నేర్చుకునేవాళ్లు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో ఉండి హైదరాబాద్, విజయవాడల్లోని గురువుల దగ్గర వీడియో క్లాసులో నేర్చుకునే పిల్లలు చాలామంది ఉన్నారు. అక్కడ మెట్రోనోమ్ గురువు దగ్గర మోగితే ఉపయోగం లేదు. టిక్కు శిష్యుడికి చేరేసరికి ఆలస్యం, శిష్యుడి పాట గురువుకు చేరేసరికి మళ్లీ ఆలస్యం. గురువుకు అంతా వెనకబడ్డట్టే వినిపిస్తుంది. మెట్రోనోమ్ శిష్యుడి పక్కన ఉండాలి. అప్పుడు టిక్కు, పాట రెండూ కలిసే ప్రయాణించి కలిసే చేరతాయి, లయ తప్పింది ఎక్కడో గురువుకు స్పష్టంగా తెలుస్తుంది. క్లాసు జరిగే ఫోన్‌లోనే యాప్ పెడితే కుదరదు, వేరే పరికరం కావాలి. జూమ్ వాడుతుంటే మరొకటి: చుట్టుపక్కల చప్పుళ్లను తగ్గించే సదుపాయం టిక్కును కూడా చప్పుడనుకుని తీసేస్తుంది. సంగీతకారుల కోసం ఉన్న ఒరిజినల్ సౌండ్ సెట్టింగ్ ఆన్ చేసుకోండి.

పియానో నేర్చుకునే చిన్నపిల్లలు. బడ్జెట్ ఉంటే లోలకం. లేకపోతే తెర మీద లోలకంలా ఊగే బొమ్మ ఉన్న యాప్ పాత ట్యాబ్‌లో పెట్టి, కళ్ల ఎత్తులో నిలబెట్టండి.

## కొన్నాక మొదటి వారం

ముందు పరికరాన్ని పరీక్షించండి. 60 మీద పెట్టి, ఒక దెబ్బ మీద ఫోన్‌లో స్టాప్‌వాచ్ మొదలుపెట్టి, దాన్ని సున్నాగా లెక్కేసి 60 దాకా లెక్కించండి. నిమిషం పూర్తవ్వాలి. పాత ఫోన్లలో యాప్ అప్పుడప్పుడు ఒక దెబ్బ తడబడుతుంది, అది ఈ పరీక్షలో కన్నా 160 దగ్గర పెట్టి వింటే త్వరగా బయటపడుతుంది.

తర్వాత మీ వేగం తెలుసుకోండి. మూడో కాలం ఎంత వేగంలో శుభ్రంగా వస్తుందో అదే మీ మొదటి కాలం వేగం కూడా. చాలామంది మొదటి కాలాన్ని 70 దగ్గర హాయిగా మొదలుపెట్టి, మూడో కాలానికి వచ్చేసరికి స్వరాలు మింగేస్తారు. 45 దగ్గర మొదలుపెట్టి మూడు కాలాలూ ఒకే తాళం మీద, టిక్కు ఆపకుండా వాయించి చూడండి. ఏ స్వరమూ నలగకపోతే మరునాడు 2 పెంచండి.

మెట్రోనోమ్‌లో 40 కంటే కిందికి లేకపోతే, వేగాన్ని రెట్టింపు చేసి అక్షరానికి రెండు టిక్కులు లెక్కించుకోవచ్చు. 70 పెట్టి ఇలా చేస్తే అక్షరాల వేగం 35 అవుతుంది. రెండు కళల చౌకంలో, అంటే అక్షరానికి రెండు లెక్కలు వచ్చే నెమ్మది నడకలో, పాడే కృతులకు ఈ పద్ధతి బాగా ఉపయోగపడుతుంది.

కాలప్రమాణం (మొదలుపెట్టిన వేగం) నిలబడుతోందో లేదో చూసుకోవడానికి టిక్కును ఆపి ఒక ఆవర్తనం పాడి మళ్లీ వినాలి. ఆపితే దాని లెక్క పోతుంది కాబట్టి వాల్యూమ్‌ను సున్నాకు తిప్పండి, లేదా ఇయర్‌ఫోన్ తీసేయండి. వాల్యూమ్ చక్రం ఉండాలని మొదట్లో చెప్పింది ముఖ్యంగా ఇందుకే. ఆవర్తనం తర్వాత పెంచినప్పుడు టిక్కు మీ సమం మీద పడితే ఆ రోజు సాధన బాగా జరిగినట్టు. పడకపోతే, మీరు ముందున్నారా వెనకున్నారా అన్నది గుర్తుపెట్టుకోండి. చాలామంది ఎప్పుడూ ఒకే వైపు తప్పుతారు, అది తెలిస్తే గురువుగారు సరిదిద్దడం సులువు.

ఇది వరసలు, జంటలు, అలంకారాలు, గీతాలు, వర్ణాల కోసం. రాగాలాపన, శ్లోకం, పద్యం పాడేటప్పుడు మెట్రోనోమ్ ఆపేయండి, వాటికి తాళం ఉండదు.